నడక చూసి కొట్టే దరువు

సమ్మన్న పోయిన పదో రోజున, భోజనాల షామియానా కింద, నేనొక అబద్ధం చెప్పాను. చెప్పడానికి పెద్దగా ఆలోచించలేదు. భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్ల మధ్య సందులో కుర్చీలు వేశారు. దండ వేసిన ఫొటో పక్కన స్పీకరు పెట్టి, సమ్మన్న కొడుకు రవి తన ఫోన్లోంచి మా పాట పెట్టాడు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో సమ్మన్న, పాడే కమ్లి, నేను ముగ్గురం కలిసి చేసిన పాట అది. పల్లవి అయిపోయి డప్పు మొదలయ్యే చోట రవి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "కాకా, గీ డప్పు మా బాపుదే గదా?" అన్నాడు. చుట్టుపక్కల తింటున్నవాళ్లు కూడా నా వైపు చూశారు. "ఔ బిడ్డా, మీ బాపు చెయ్యే" అన్నాను. రవి లేచిపోయి శబ్దం పెంచాడు. తన చిన్న బిడ్డను ఎత్తుకొని, "ఇన్నవా, తాత కొడుతుండు" అని దాని చెయ్యి పట్టి గాలిలో ఊపాడు.

ఆ పాటలో సమ్మన్న చెయ్యి లేదు. తీసేసింది నేనే. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆ షామియానా కింద ఇద్దరమే ఉన్నామని నాకు అనుమానం. నేను, వడ్డిస్తున్న లచ్చవ్వ వదిన, అంటే సమ్మన్న భార్య. నేను రవికి చెప్పిన మాట ఆమె విన్నది. నా ఇస్తరిలో ఇంకో గరిటె కూర వేసి, పక్కవాళ్ల దగ్గరికి పోయింది. కూరలో ఉప్పు కొంచెం తక్కువైందనిపించింది. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. తిని, చెయ్యి కడుక్కొని, జనగామ వైపు పోయే బస్సెక్కాను. దారిపొడుగునా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. ఏడుపు రాలేదు, సిగ్గు కూడా రాలేదు. చాలాసేపు ఒకే వైపు పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కుతుంది చూడండి, మనదేగాని మనది కాదన్నట్టుంటుంది. లోపలంతా అట్లా ఉండింది.

మా నాయిన కూడా గనిలోనే పనిచేసేవాడు. మా క్వార్టరు సమ్మన్న వాళ్ల సందుకు వెనక సందులో. ఆ ఇంట్లో పొద్దు అనేది సూర్యుడితో కాదు, షిఫ్టుతో మొదలయ్యేది. నాయిన రాత్రి షిఫ్టు దిగి వచ్చేసరికి అమ్మ బొగ్గుల పొయ్యి మీద నీళ్లు కాగబెట్టి ఉంచేది. ఆ పొగ వాసన మా బట్టలకు, పుస్తకాలకు, అన్నానికి కూడా పట్టి ఉండేది. వేరే ఊళ్ల చుట్టాలు వచ్చి ముక్కు మూసుకుంటే గాని అదొక వాసన అని మాకు తెలిసేది కాదు. నాయిన రాగానే చిన్న బెల్లం ముక్క నోట్లో వేసుకొని గోడకు ఆనుకొని కూర్చునేవాడు. బొగ్గు దుమ్ము గొంతులోంచి దిగిపోతుందని ఆయన నమ్మకం. ఎంత రుద్దినా కనురెప్పల అంచుల్లో నలుపు పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టు ఉండేది. తర్వాత పగలంతా నిద్ర. ఆయన పడుకున్నంతసేపు ఇంట్లో గిన్నె చప్పుడు కూడా కాకూడదు. అమ్మ మూతలు పెట్టేటప్పుడు కింద వేలు అడ్డం పెట్టేది.

నాయిన ఒకరోజు ఒక గుడ్డ సంచి నిండా కేసెట్లు తెచ్చాడు. బంగళాల్లో ఉండే ఒక ఆఫీసరు, గతంలో ఆఫ్రికాలో రాగి గనుల్లో పనిచేసి వచ్చినాయన, బదిలీ మీద పోతూ సామాను పంచిపెట్టాడట. "గవేం పాటలో మనకెందుకు, వాటి మీద భజనలు నింపుకోవచ్చు" అని అమ్మ సంతోషపడింది. నింపేముందు ఒకసారి విందామని నేను తీసుకున్నాను. నాయిన పడుకొని ఉన్నాడు కాబట్టి టేప్‌రికార్డరు దుప్పటి కింద పెట్టి, దాని మీద చెవి ఆనించి విన్నాను. అందుకే ఆ పాటల్లో గొంతులకంటే ముందు డోళ్లు నాలోకి వచ్చాయి. కొన్ని బ్రెజిల్ పాటలు, కొన్ని ఆఫ్రికా పాటలు. ఒక కేసెట్టు మాత్రం వేరు. అది ఇంగ్లీషు పాటలది. గిటారు మీద హాయిగా నడిచే పాట, రెండోసారికే ఎవరైనా గొంతు కలపగల చిన్న పల్లవి, మధ్యలో సాదాగా చెప్పే కథ. కాని దాని కింద ఉన్నవి ఆ దేశాల డోళ్లే. మన చెయ్యి ఎక్కడ పడుతుందనుకుంటామో అక్కడ అవి పడేవి కావు. కొంచెం ముందు పడి మనల్ని లాగేవి, లేదా వెనక పడి తోసేవి. పైనుంచి ఒక ఇనుప గంట, తన లెక్క తనదే అన్నట్టు మోగుతూ ఉండేది. పాట ఒక దేశానిది, కాళ్లు ఇంకో రెండు దేశాలవి. అట్లా చేయవచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

అప్పటికి నేను ఒక పాత కీబోర్డు సంపాదించి, పెళ్లిళ్లలో సినిమా పాటలు వాయిస్తున్నాను. సమ్మన్న బొగ్గు యార్డులో కూలి, చావులకూ బోనాలకూ డప్పు. నాకంటే కొన్నేళ్లు పెద్ద. మీసాల మీద మహా మోజు. అద్దం ఎక్కడ కనపడినా, ఆగి ఉన్న లారీ అద్దం అయినా సరే, మీసం సర్దుకోకుండా కదిలేవాడు కాదు. అతనికి ఆ కేసెట్టు వినిపించాను. మా ముందరి అరుగు మీద కూర్చొని, తల పక్కకు వంచి, చాలాసేపు విన్నాడు.

"వీళ్లు డప్పు మంచిగ కాపలే తమ్మీ" అన్నాడు చివరికి. "తోలు మెత్తగున్నది."

"అది డప్పు గాదన్నా, వాళ్ల డోలు."

"ఏదైతేంది, తోలే గదా. కాపద్దా?" మళ్లీ విన్నాడు. ఈసారి వేళ్లు మోకాలి మీద కదిలాయి. "ఆగు. గీడ ఖాళీ ఇడిసిండు సూడు. కావాలని ఇడిసిండు. గా ఖాళీల మనం పడాలె."

డప్పు మా ఇంటి ముందున్న జామచెట్టు మొదలుకు ఆనించి ఉంది. ఎప్పుడు వచ్చినా అక్కడే ఆనించేవాడు. లోపలికి తేవద్దని మా అమ్మ ఏనాడూ అనలేదు, అనాల్సిన అవసరం అతను రానీయలేదు. లోపలికి తెమ్మని నేనూ అనలేదు. అతను పోయి చెట్టు కిందే నాలుగు కాగితాలు ముట్టించి, తోలు బిగిసేదాకా డప్పు మంటకు కాపి, వేలితో మీటి చూసుకొని, కేసెట్టు ఖాళీ విడిచిన ప్రతిచోటా పడటం మొదలుపెట్టాడు. నాయిన నిద్ర లేచి బయటికొచ్చాడు. తిడతాడనుకున్నాను. గడపలో నిలబడి, "మల్లొకసారి కొట్టు సమ్మయ్యా" అన్నాడు.

కమ్లి మాకు మానుకోటలో దొరికింది. మహబూబాబాదును మేమంతా ఇప్పటికీ అట్లాగే అంటాం. ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఊరూరా ధూంధాం, పాట వచ్చినవాళ్లందరినీ లారీల్లో ఎక్కించుకొని పోయేవాళ్లు. మరిపెడ దగ్గరి తండా నుంచి వచ్చింది కమ్లి. లంబాడీ భాష ఇంటిది, తెలుగు బడిది. ఆమె నిలబడి పాడలేకపోయేది. నిలబెడితే గొంతు ఆగిపోయేది. తండాలో ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడతారు కాబట్టి, అడుగు పడితేనే మాట వచ్చేది. మొదటిరోజు సాధనలో సమ్మన్న తల వంచి ఆమె కాళ్లనే చూస్తూ కొడుతుంటే, ఆమె పాట ఆపేసింది.

"ఏమన్నా, కింద ఏం పోగొట్టుకున్నవ్? చెప్తే నేను గూడ ఎతుకుత."

"నిన్ను సూస్తలేనే చెల్లే, నీ అడుగు సూస్తున్న. నీ అడుగు పడ్డంకనే నా పుల్ల పడాలె."

"మరి నేను ఆగితే?"

"ఆగితే నేనూ ఆగుత. బీడి తాగుత."

అప్పటినుంచి ఆమె కావాలని మధ్యలో అడుగు ఎత్తి, కింద పెట్టకుండా ఆపేది. సమ్మన్న పుల్ల గాలిలో ఆగిపోయేది. ఇద్దరూ పడి పడి నవ్వేవాళ్లు.

పాట మాటలు నేనే రాశాను. చిన్నప్పుడు షిఫ్టు వదిలాక వచ్చే గుంపులో అందరి మొగాలూ ఒకేలా నల్లగా ఉంటే, నడకను చూసి నాయినను పోల్చుకునేవాణ్ణి. అదే పాట. "నాయినొచ్చె నాయినొచ్చె, నల్లగైన నవ్వుతోటి. మొగం జూస్తె తెల్వలేదు, నడక జూసి పోల్చుకున్న." ఇంగ్లీషు పాటల్లోలాగా ఆ పల్లవి చిన్నగా, తిరిగి తిరిగి వచ్చేటట్టు పెట్టాను. కీబోర్డు మీద గిటారు స్వరాలు. బ్రెజిల్ వాళ్ల చిన్న గలగల కోసం పాలడబ్బాలో జొన్నలు పోసి ఊపాం. ఆఫ్రికా గంట కోసం నాలుక ఊడిన ఎద్దు గంటను స్క్రూడ్రైవరుతో కొట్టాం. వీటన్నిటి కింద సమ్మన్న డప్పు, ఖాళీలు వెతుక్కుంటూ. మూడో చరణం కమ్లి తన భాషలో కట్టుకుంది. దాని అర్థం అడిగితే, "మా నాయిన వలస పోయి వచ్చిండు, గంతే" అన్నది.

ఉద్యమంలో కొందరికి అది నచ్చలేదు. "మన పాటకు గా దేశాల సోకులెందుకు?" అని ఒక పెద్దాయన అడిగాడు. సమ్మన్న మీసం మీద చెయ్యేసి, "మీరు తాగే చాయ మన ఊర్ల పండిందా సార్?" అన్నాడు. ఆ పెద్దాయన నవ్వి, పాట సీడీ చేయమన్నాడు. ఆ మాటతోనే అంతా మొదలైంది.

జనగామలో స్టేషను దగ్గర, సిమెంటు దుకాణం మీద ఒక రికార్డింగు గది ఉండేది. యాదగిరి అని ఒకతను నడిపేవాడు. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీకి గోనెసంచులు. రైలు వచ్చినప్పుడల్లా అన్నీ ఆపి కూర్చోవాలి. ఒక్కొక్కరి వంతు విడివిడిగా ఎక్కించాలన్నాడు యాదగిరి. కమ్లిని ఇంకోరోజు రమ్మన్నాం. సమ్మన్నను బీరువా అంత గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించాం. అందులో టిక్కు టిక్కుమనే చప్పుడు, దాంతో కలవాలి. డప్పు కాపుదామంటే పొగ కుదరదన్నారు. బల్బు వేడికి పెట్టుకున్నాడు. అతను తల వంచి ఎదుట నేల చూశాడు. ఏమీ లేదు, చాప ఉంది. కొట్టాడు. ముందుకు ఉరికాడు, మళ్లీ వెనకబడ్డాడు. మళ్లీ కొట్టాడు. గంటలు గడిచాయి. అద్దం ఇవతల నుంచి చూస్తుంటే, అతను మధ్య మధ్య తల ఎత్తి నా వైపు చూస్తున్నాడు. ఏదో అడుగుతున్నట్టు ఉండింది. నేను చెయ్యి ఊపి మళ్లీ కొట్టమన్నాను.

"మిషిన్ల ఏసేద్దామన్నా" అన్నాడు యాదగిరి నెమ్మదిగా. "దరువు నీకెరికే గద. నువ్వే కీబోర్డు మీద కొట్టు, నేను సాఫ్ జేస్త. ఇట్లైతే పొద్దుగూకుతది."

నేను సరే అన్నాను. బలవంతమేమీ లేదు. లోపలికి పోయి, "అయిపోయిందన్నా, మస్తు వచ్చింది" అని సమ్మన్న భుజం తట్టాను. అతను చెమట తుడుచుకొని, "వచ్చిందా? నాకు రానట్టే అనిపించింది తమ్మీ" అన్నాడు. వచ్చిందన్నాను. అతన్ని బస్టాండుకు పంపి, అతని చెయ్యంతా చెరిపించి, అతను కనిపెట్టిన దరువునే, అతని ఖాళీలనే, నా వేళ్లతో మిషనులోకి ఎక్కించాను. టిక్కుతో ఒక్క వెంట్రుక కూడా తేడా లేకుండా కలిసింది. యాదగిరి చప్పట్లు కొట్టాడు. ఆ రోజు నాకు బాధ కలగలేదు. పని అయిపోయిందన్న నిమ్మళం కలిగింది.

మానుకోట సభ రోజున మైకు కట్టిన ఆటోలోంచి ఆ సీడీ మోగుతూ వచ్చింది. సమ్మన్న డప్పు భుజాన వేసుకొని నా పక్కనే ఉన్నాడు. ముందు మీసం సర్దుకున్నాడు. తర్వాత చెయ్యి కిందికి దించాడు. ఆటో మూల తిరిగేదాకా కదలకుండా విన్నాడు.

"గిది నా చెయ్యి గాదు."

"నీదేనన్నా. జర సాఫ్ చేసినం, గంతే."

"సాఫ్ చేసిండ్రా" అన్నాడు. ఆ సాయంత్రం వేదిక మీద కమ్లి అడుగులు వేస్తుంటే, తల వంచి, పాట మొదటినుంచి చివరిదాకా కొట్టాడు. జనం కుర్చీల్లోంచి లేచారు. అంత బాగా కొట్టడం నేను మళ్లీ వినలేదు. ఆ తర్వాత అతను మా ఇంటికి రాలేదు. తగాదా లేదు. ఎదురైతే, "మంచిగున్నవా తమ్మీ, అమ్మ ఎట్లున్నది?" అనేవాడు. జామచెట్టు మొదలు ఖాళీగా ఉండేది. పాట మాత్రం ఊళ్లు తిరిగింది, బందుల్లో మోగింది, రాస్తారోకోల్లో మోగింది. రాష్ట్రం వచ్చిన రోజు కూడా మోగింది. నాకు దాంతో పేరు వచ్చింది. జనగామలో పిల్లలకు కీబోర్డు నేర్పుకుంటూ ఆ పేరు మీదే బతుకుతున్నాను. మా శిష్యులు ఇప్పుడు బ్రెజిల్ డోలు కావాలంటే ఫోన్లో ఒక బొమ్మ నొక్కుతారు, ఆఫ్రికా గంట కావాలంటే పక్కది. అన్నీ టిక్కుతో కలిసే ఉంటాయి. దుప్పటి కింద చెవి పెట్టి వినాల్సిన పని ఎవరికీ లేదు. అందులో తప్పేమీ లేదు, ఆ పని మొదలుపెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి.

పదో రోజు అయిన వారానికి మళ్లీ భూపాలపల్లి పోయాను. బొగ్గు పొయ్యిలు లేవు, ఆ వాసన లేదు. సగం క్వార్టర్లకు తాళాలు. రవి గని మీద టిప్పరు నడుపుతాడు, ఇంకా డ్యూటీ దిగలేదు. లచ్చవ్వ వదిన అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను.

"వదినా, నేను పోరనికి అబద్ధం చెప్పిన."

"ఎరికే."

"సమ్మన్న నీకు చెప్పిండా?"

"మానుకోట నుంచి అచ్చిన రోజే చెప్పిండు. పోరనికి చెప్పలే. ఎవ్వలన్న పాట మంచిగున్నదంటే, మాదే పాట అనెటోడు. డప్పు నాదే అని ఒక్కనాడు అనలే." ఆమె గింజలు చేటలోకి జార్చింది. "ఇప్పుడు చెప్తే వాడు ఎట్లయితడో ఏమో. వానికి బాపుది గదొక్కటే మిగిలింది."

"చెప్పొద్దంటవా?"

"నేనెందుకంట? తీసేసినోనివి నువ్వు. చెప్పెడిది, చెప్పనిది నువ్వే సూసుకో."

రవి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఆగి, చెప్పాను. రికార్డింగు గది, టిక్కు, నా వేళ్లు, ఆటో దగ్గర చెప్పిన మాట, షామియానా కింద చెప్పిన మాట. ఏదీ తగ్గించలేదు. అతను తువ్వాలతో మొగం తుడుచుకుంటూ చాలాసేపు ఆ తువ్వాల తీయలేదు. ఫోను తీసి, పాట పెట్టి, డప్పు వచ్చే చోట ఆపేశాడు.

"మరి మా బాపు కొట్టింది యాడున్నది?"

"లేదు బిడ్డా. చెరిపేసిన."

"యాడన్న, ఎవలకాడన్న?"

"యాడ లేదు."

అతను నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మా బిడ్డకు చెప్పిన గద కాకా, తాత అని" అన్నాడు. అంతే. "మీ బాపు దరువు నాకెరికుంది, నేర్పుతా అంటే నేర్చుకుంటవా?" అని అడిగాను. అతను లోపలికి పోయి, మేకుకు ఉన్న డప్పు తీసుకొచ్చాడు. సందులో కాగితాలు ముట్టించి మంటకు కాపుకున్నాడు. కాపడం వాళ్ల బాపు దగ్గర నేర్చుకున్నట్టున్నాడు, మీటి చూసుకునే తీరు అదే.

నేను అరుగు మీద వేళ్లతో కొట్టి చూపించాను. ఎక్కడ పడాలో, ఎక్కడ ఖాళీ విడవాలో. అతనికి దెబ్బలు తొందరగానే పట్టుబడ్డాయి. కాని ముందుకు ఉరుకుతున్నాడు, మళ్లీ వెనకబడుతున్నాడు. రెండోసారి తప్పిపోగానే తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇంతకుముందు చూసినదే, అద్దం ఇవతల నుంచి. అప్పుడు సమ్మన్న నన్ను అడిగిందేమిటో, ఇన్నేళ్లకు, ఆ సందులో తెలిసింది. ఆ గదిలో కాళ్లు లేవు. నేను లేచి లోపలికి పోయి, అతని ఎదురుగా చాప మీద నాలుగడుగులు వేసి ఉంటే చాలేది.

లేచాను. చెప్పులు విడిచి సందులో నడవడం మొదలుపెట్టాను. ఇటు గోడ దాకా, అటు నల్లా దాకా. రవి తల వంచి నా పాదాలు చూస్తూ కొట్టాడు. దరువు నిలబడింది. ఖాళీల్లో పడవలసినవి ఖాళీల్లో పడ్డాయి. తాళాలు లేని ఇళ్లలోంచి ఒకరిద్దరు బయటికొచ్చారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం పోతున్నాను. వచ్చే వారం కమ్లి కూడా వస్తానన్నది. విషయం చెబితే, "నడిచెటోళ్లు లేకుంట ఎట్ల కొట్టిచ్చిండ్రు?" అని అడిగి ఫోను పెట్టేసింది. మళ్లీ తనే చేసి, వస్తానన్నది. టిప్పర్ల మోత వినపడితే వినపడనీ, ఆ సందులోనే పాట రికార్డు చేయాలనుకున్నాం.

ఆ మొదటిరోజు మాత్రం నాకు ఏమీ అనిపించలేదు. పాదాల కింద సిమెంటు వేడి మాత్రం తెలిసింది. గడపలో లచ్చవ్వ వదిన చేట పక్కన పెట్టి మమ్మల్నే చూస్తోంది.

"జర నిమ్మళంగ నడువు" అన్నది. "ఆయన గంత ఉరికెటోడు గాదు."

నేను అడుగు తగ్గించాను.